నోరు తెరిచిన సైలెన్సర్

"రంపానికి ఊపు కావాలి బాబాయ్," అన్నాడు బావ.

"తలుపు కావాలంటే వడ్రంగి పక్క సందులో ఉంటాడు," అన్నాడు మెకానిక్, చేతిలోని స్పానర్‌తోనే దారి చూపిస్తూ.

బావమరిది బావ చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు. షెడ్డులో అప్పుడు ఒక్క ఇంజనూ తిరగడం లేదు. తిరుగుతున్నది ఫ్యాను, ఆ జవాబు విని బావమరిది బుర్ర. ఊపుకీ తలుపుకీ తేడా తెలియని మనిషి చేతిలో చెట్లు కోసే మోటారు రంపం పెట్టడమా అని అతని భయం. బావ మాత్రం ఈసారి గొంతు పెంచి, రంపాన్ని ఎత్తి ఊపి మరీ ఊపు సంగతి చెప్పాడు. మర్నాడు పొద్దున పార్కులో పోటీ. దుంగను ముందు కోసినవాళ్ళకే ఏడాది పొడుగునా అక్కడి చెట్ల పని ఇస్తారు. బావాబావమరుదులిద్దరికీ కలిపి ఉన్నది ఈ ఒక్క రంపమే.

మెకానిక్ ముఖం వెలిగింది. సైలెన్సర్లు విప్పేవాళ్ళు ఊరినిండా ఉన్నారు గానీ, రంపాలవాళ్ళు చెవి కోసుకునేది ఈయన పనికే. నోరు మూయించే వస్తువు చేత నోరు తెరిపించడం ఆయన విద్య. సైలెన్సర్ విప్పాడు. లోపల పొగకు అడ్డుపడుతున్న రేకును కోసి తీశాడు. పొగ వెళ్ళే కంతను ఆకురాయితో రాసి పెద్దది చేసి, అంచును వేలితో తడిమి చూసుకున్నాడు. నిప్పురవ్వలు బయటికి రాకుండా ఆపే జాలీని మాత్రం శుభ్రంగా కడిగి మళ్ళీ ఉన్నచోటే పెట్టాడు.

"ఇది సగం పనే," అన్నాడు. "నోరు పెద్దదైతే గాలి ఎక్కువ మింగుతుంది. దానికి తగ్గ పెట్రోలు అందకపోతే పిస్టన్ కాలి పట్టేస్తుంది. ఎంత అందించాలో ఇంజనే చెబుతుంది. వినాలి."

'వినాలి' అన్నప్పుడు ఆయన ఛాతీ రెండంగుళాలు పెరిగింది. బావమరిది అనుమానం నాలుగంగుళాలు పెరిగింది.

తాడు లాగగానే షెడ్డు రేకులు అదిరేలా రంపం అరిచింది. ఆ అరుపుకి పెరట్లో బట్టలు ఆరేస్తున్న మెకానిక్ భార్య, చేతిలో తడి తువ్వాలుతోనే వెనక గుమ్మంలోకి వచ్చి నిలబడింది. వీధివాళ్ళు చాటుగా ఆమెకు పెట్టిన పేరు కూడా సైలెన్సరే. ఇంజను మోగితే చాలు, వచ్చి మొగుణ్ణి దులిపేస్తుందని ప్రతీతి. ఇప్పుడూ అంతే. ఏదో అంటూ తువ్వాలును ఎడమ పక్కకి రెండుసార్లు ఠపాఠపా దులిపింది. మెకానిక్ ఆమె వంక ఒక్క చూపు చూసి, ఆ మాటలు పెడచెవిన పెట్టినవాడిలా తల దించుకుని, పెట్రోలు పెంచడానికి కార్బురేటర్ మరను ఎడమకి తిప్పాడు. కీచుమంటున్న రంపం గొంతు గరగరలోకి దిగింది. దుంగ మీద పెడితే పొట్టు బావ మోకాళ్ళదాకా ఎగిరింది.

బావ పొంగిపోయాడు. బావమరిది పొంగలేదు. రేపు పోటీలో పిస్టన్ పట్టేయకముందే ఇవాళ మెకానిక్‌ను పట్టేయాలనుకున్నాడు. నువ్వు అటు తిరిగి నిలబడు, నేను మర కదుపుతాను, ఎటు కదిపానో విని చెప్పు, తప్పితే రంపం ఇంకో షెడ్డుకి పోతుంది అని చేతులు తిప్పుతూ చెప్పాడు.

"పెద్దాయనకి పరీక్షేంట్రా," అని బావ కసిరాడు.

మెకానిక్ నవ్వి, రంపానికి వీపు పెట్టి, పెరటి గుమ్మం వైపు తిరిగాడు. ఈ మోతకి అప్పటికే పక్క పంక్చర్ షాపువాడు, ఎదురు టైలరు, ఇంకో నలుగురు చేరారు.

బావమరిది మరను కుడికి పావు చుట్టు బిగించి తాడు లాగాడు. రంపం దోమలా కీచుమంది. గుమ్మంలో తువ్వాలు ఎడమకి ఒక్కసారి ఠప్పుమంది.

"కుడికి బిగించావు. పావు చుట్టు," అన్నాడు మెకానిక్ వెనక్కి తిరగకుండానే. "ముందు ఆపు, పిస్టన్ కాలిపోతుంది."

బావమరిది మరను యథాస్థానానికి తెచ్చాడు. రెండోసారి మహా తెలివిగా దాన్ని అసలు ముట్టుకోకుండానే తాడు లాగాడు. రంపం గరగరలాడింది. గుమ్మంలో ఆవిడ తువ్వాలును భుజాన వేసుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది.

"ఏమీ కదపలేదు. నాతోనే వేళాకోళమా?"

పంక్చర్ షాపువాడు ఈల వేశాడు. ఈయన చెవికి సాటి లేదని పదేళ్ళుగా చెబుతున్నానని టైలరు అందరికీ గుర్తుచేశాడు. బావ మీసం దువ్వుకున్నాడు, చెవి తనదే అయినట్టు.

ఓడిన బావమరిది తన చెవి పట్టుకుని మెకానిక్‌కి పెద్ద దండం పెట్టాడు. అక్కడితో ఆగితే సరిపోయేది. సిగ్గు కప్పిపుచ్చుకోవడానికి పెరటి వైపు వేలు చూపించి, లేని తువ్వాలును గాలిలో దులిపి, రెండు చెవుల్లో వేళ్ళు కుక్కుకున్నాడు.

"ఇంత గొప్ప చెవి పెట్టుకుని ఆ సైలెన్సర్‌తో ఎలా వేగుతున్నావు బాబాయ్?"

అందరూ గొల్లున నవ్వారు. మెకానిక్ ఆ చేతులనే చూస్తున్నాడు. ఆయన నవ్వు ఆగిపోయింది. గుడ్డ తీసుకుని వేళ్ళకున్న మసిని ఒక్కొక్కటిగా తుడుచుకున్నాడు. ఆ చెవిని చూసి రంపాలు తెచ్చేవాళ్ళు, ఆ చెవి గురించి ఊరంతా చెప్పేవాళ్ళు అక్కడే నిలబడి ఉన్నారు. వాళ్ళందరినీ కలియజూసి, వెనక్కి తిరిగి గుమ్మం అవతలికి చెయ్యి చాపాడు. ఛాతీ మళ్ళీ రెండంగుళాలు పెరిగింది.

"ఇంజను చప్పుడు నాకు వినపడక ఆరేళ్ళయింది. మీరంతా మెచ్చుకునే ఆ చెవి, అదిగో, దండెం మీద తువ్వాలు ఆరేస్తోంది."