కళ్ళజోడు ధర తేలేదాకా

అన్నయ్య నడుం ఆపరేషనుకి సాయం అడగడానికి కొత్తపేటలో కొబ్బరితోటల బుల్లిరాజుగారి గుమ్మం ఎక్కడం అది మూడోసారి.

"ఆగరా నాగబాబూ. తలకి తగిలించుకునే కంప్యూటర్ కళ్ళజోడు దీపావళికి అమ్మకానికొస్తుందంట. యాభైవేలో, లక్షో, ముందు దాని ధర తేలనీ. మిగిలితే చూద్దాం" అన్నారు.

మిగిలితేనంట.

"అందులో ఏం కనపడుద్దండీ?"

"ఎత్తు మీంచి పడిపోతున్నట్టే ఉంటదంటరా. గుండె జారిపోద్దంట. దెబ్బ మాత్రం తగలదు." చెబుతుంటే ఆయన కళ్ళు మెరిసేయి.

చెట్టెక్కే తాడు నా భుజం మీంచి తీసి ఆయన ఒళ్ళో పడేసేను. మొన్న కాయల దింపులో అన్నయ్య జారిపడిన కొబ్బరిచెట్టు ఆయన పెరట్లోనే ఉంది.

"దీపావళిదాకా ఎందుకండీ. ఎక్కండి. దీనికి ధర లేదు."