ఇప్పచెట్ల కింద

"ఆధారం ఉంటేనే చరిత్ర," అంటూ మహిమ టీచర్ తరగతిలోని పెద్ద తెరమీద ఉపగ్రహం ఫోటోలను ఒక్కో ఏడాదీ వెనక్కి జరిపింది. పాతికేళ్ల కిందటి ఫోటోలో పుష్ప వాళ్ల గూడెం లేదు. అంతా అడవే.

"అప్పుడిక్కడ మనుషులు లేరు. రాసుకోండి."

పుష్ప ఒక్కతే రాయలేదు.

"ఏందమ్మా, రాయవా?"

"పట్టా అడిగితే ఆఫీసుల గూడ మా నాయినకు గిదే ఫోటో చూపిచ్చి, మీరు అప్పుడు లేరన్నరు టీచర్. మావోళ్లు ఇప్పచెట్లు కొట్టరు. మా గుడిసెలు ఆ చెట్ల కిందనే ఉండె. రోడ్డేసేటోళ్లు చెట్లు కొట్టినంకనే పైనుంచి కనబడ్డయి."

మహిమ గబుక్కున తెర ఆపేసింది. "పిల్లలూ, ఆ వాక్యం కొట్టేయండి. పుష్ప చెప్పింది రాసుకోండి."

ముందు బెంచీలో పిల్ల తలెత్తింది.

"దానికి ఆధారం ఏది టీచర్?"