పురిటి కుంపటి

"పక్కకు జరుగు, బుచ్చమ్మవ్వా! లోపల పసిబిడ్డ ఉంది!"

బుచ్చమ్మ జరగలేదు. పురిటి గది గడపకు అడ్డంగా చేతులు చాచి నిలబడింది. నడింట్లో కోడలు సుందరమ్మ వాంతి చేసుకుంటూ పడి ఉంది. దబ్బుమన్న చప్పుడు విని పక్కింటి సైన్సు పంతులు యేసయ్య పరుగెత్తుకొచ్చేసరికే సుందరమ్మ గదిలోంచి పాక్కుంటూ వచ్చి అక్కడ కుప్పకూలింది.

"పురిటి గదిల మొగోళ్లు అడుగువెట్టొద్దు పంతులూ. మైల."

"మైల గియిల తర్వాత! కిటికీ సందులల్ల గుడ్డలు కుక్కిందెవరు?"

"నేనే. బాలింతకు గాలి తగలొద్దని. కుంపటి నిండ బొగ్గులు పోసింది గూడ నేనే. పొగ లేదు గదయ్యా! చెంపలు కాలేటంత సెగ వచ్చింది, మంచిదే అనుకున్న."

"గాలాడని బొగ్గులకు విషగాలి పుడ్తది అవ్వా. రంగు లేదు, వాసన లేదు. సెగ అంటవా, కాగిన బొగ్గుల అణువణువు గజగజ వణుకుతది. ఆ వణుకే కంటికానని వెలుగై నీ చెంపకు తాకింది. వెచ్చగుందని ఆ విషగాలి పీలిస్తే నిద్రలనే పాణం పోతది. మేళ్లచెరువు సున్నపు బట్టీల కాడ చలికి పండుకున్నోళ్లు గిట్లనే లేవకుంట పోయిండ్రు."

బుచ్చమ్మ తల తిప్పి గదిలోని చీకట్లోకి చూసింది. సూర్యాపేటలో సగం మంది పిల్లలకు బొడ్డు కోసిన మంత్రసాని ఆమె. ఊరి బిడ్డలందరినీ బతికించి, సొంత రక్తాన్ని చేజేతులా చంపుకుంటోంది. పాపిష్టిదాన్ని, నా చేతులు విరగ, అనుకుంది.

వీధిలో బూట్ల టకటక. పొద్దుటి నుంచి రజాకార్లు, నిజాం మీద తిరగబడ్డ సంఘపోళ్ల కోసం ఇల్లిల్లూ గాలిస్తున్నారు. ఇందాక ఇక్కడికీ వచ్చారు. సంఘంలో తిరిగే కొడుకు జైరాం కోదాడ దాటి ఆంధ్రకు పోయాడని బుచ్చమ్మ చెప్పింది. పురిటి గది అనేసరికి గడప దాటకుండా వెళ్లిపోయారు. ఈ లొల్లి వింటే మళ్లీ వస్తారు. ఈసారి గడప దగ్గర ఆగుతారన్న నమ్మకం లేదు.

"ఏడుపు గూడ వినొస్తలేదు అవ్వా! ఇంకో నిమిషమైతే నీకు దక్కేది పీనుగే!"

సుందరమ్మ బలవంతాన తలెత్తింది. "అత్తా... ఏమన్న కానీ. తియ్యనియ్యి."

బుచ్చమ్మ చేతులు జారిపోయాయి.

"మంచం కిందున్నది నాయనా. సల్లగుంటవు, బతికియ్యి," అని గడప పక్కన కూలబడి, ఏడుపు బయటికి రాకుండా నోట్లో కొంగు కుక్కుకుంది.

యేసయ్య ఊపిరి బిగబట్టి చీకట్లోకి దూరాడు. వెనక కిటికీ గుడ్డలు పీకి పారేశాడు. మంచం కిందికి వంగాడు. చేతికందిన పొత్తిగుడ్డల్లో దిండే ఉంది; దాని వెనక దొరికినదాన్ని రెండు చేతులా గడప బయటికి లాగి ఒళ్లో వేసుకున్నాడు.

"ఊపిరుంది," అన్నాడు చివరికి, గొంతు బాగా తగ్గించి. "ముందుగాల వీధి తలుపుకు గడియ పెట్టు, అవ్వా."

ఆయన ఒళ్లో దగ్గుతున్న పసిబిడ్డకు గుబురు మీసాలున్నాయి.