తలసరి ఖర్చు

"అసలు ఇక్కడికి ఎవరైనా వస్తారా?" అని అడిగింది లెక్కలావిడ.

"అయ్యో, రోజూ వస్తారు మేడమ్. వానొచ్చినా వస్తారు," అన్నాడు టికెట్ల గుమాస్తా.

ఆవిడ తృప్తిగా తలూపి లోపలికి నడిచింది.

అది పాత తూనికలు, కొలతల మ్యూజియం. ఏడు గదుల నిండా త్రాసులు, తూకపు రాళ్ళు, గజంబద్దలు. ఒక్కో సందర్శకుడి మీద ఎంత ఖర్చవుతోందో తేల్చమని పైవాళ్ళు ఆవిడను పంపారు. ఆ ఖర్చు వాళ్ళు గీసిన గీత దాటితే మ్యూజియానికి తాళం. త్రాసులు గోడౌనుకి, పదకొండుమంది ఉద్యోగులు ఇళ్ళకి.

ఆవిడ పద్ధతి గల మనిషి. ముందు ఖర్చులన్నీ కూడుతుంది. కొయ్యగలిగినవి కోస్తుంది. ఆ తర్వాతే సందర్శకుల సంఖ్య తెప్పించుకుని భాగిస్తుంది. ఆ సంఖ్య ముందే చూస్తే కొయ్యడానికి మనసొప్పదని ఆవిడ నమ్మకం.

త్రాసులకు పూసే నూనె నేరుగా అయ్యే ఖర్చు. దానితో పేచీ లేదు. కరెంటు, కాపలా, ఫోను, క్యూరేటర్ గదిలో ఏసీ, ఇవన్నీ పరోక్ష వ్యయం. ఏ గది నెత్తిన ఎంత రుద్దాలన్నదే చిక్కు.

"ఓవర్‌హెడ్ అంటే అంతేనండీ. ఎవరి తలమీద పెట్టాలో తెలియని బరువు," అంది క్యూరేటర్‌తో.

క్యూరేటర్ నవ్వబోయి, తన తల గుర్తొచ్చి మానేశాడు. మోకాళ్ళ నొప్పుల వల్ల ఆయన తన గది దాటి గదులు చూసి ఏళ్ళయింది.

"స్టోరుకి ఇద్దరెందుకండీ?"

"ఒకడు మా బావమరిది."

"రెండోవాడు?"

"వాడు లేకపోతే మా బావమరిది పని ఎవరు చేస్తారు మేడమ్?"

భవనానికి లిఫ్టు లేదు గానీ లిఫ్టు ఆపరేటరు ఉన్నాడు. ఛైర్మన్‌గారి పినతల్లి కొడుకు. పెరట్లో మొక్క లేదు గానీ తోటమాలి ఉన్నాడు. అతని పేరు మీద పెన్సిలు పెట్టిన గంటకే పైనుంచి ఫోనొచ్చింది. అందరూ చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునేవాళ్ళే. ఆ చెట్ల జోలికి పోయే ధైర్యం ఆవిడకి లేదు.

నాలుగో రోజు ఏడో గదికి వెళ్ళింది. అక్కడ నీలం చొక్కా పెద్దాయన ఒకరు మెత్తటి గుడ్డతో అద్దాల మీద దుమ్ము తుడుస్తున్నారు. వంకరగా ఉన్న ఒక చీటీని సరిచేశారు.

"ఎన్నాళ్ళయిందండీ ఇక్కడ?"

"మూడేళ్ళమ్మా. త్రాసులు బాగుచేసే కొట్టు ఉండేది నాకు. అది మూసేసినప్పట్నుంచీ ఇక్కడే."

"రోజంతా ఉంటారా?"

"పదింటికొస్తే మళ్ళీ ఐదింటికే. సోమవారం సెలవిస్తారు చూడండి, ఆ రోజే ఏమీ తోచదు."

బంగారం తూచే బుల్లి త్రాసు దగ్గరికి ఆవిడను తీసుకెళ్ళారు. "దీని ముందు గట్టిగా ఊపిరి వదలకూడదమ్మా. దాన్నీ తూచేస్తుంది," అన్నారు గొప్పగా, అది తన మనవరాలైనట్టు.

ఆవిడకి ముచ్చటేసింది. ఈ భవనంలో పనిమీద ప్రేమున్న మనిషిని ఇప్పటికి చూశాననుకుంది. కానీ చేతిలో పుస్తకం ఉంది.

"రోజుకెంత?"

"ఇరవై."

"ఇరవయ్యేనా!"

"మొదట్లో పదేనమ్మా. పోయినేడు పెంచారు."

ఇరవై ఆరు రోజులకి ఐదొందల ఇరవై. ఖర్చుల వరసలో వేసుకుంది. జీతాల రిజిస్టర్లో ఆయన లేరు. రిజిస్టర్లో లేని వాళ్ళందరూ ఆవిడ దృష్టిలో పరోక్ష వ్యయమే. ఐదొందల ఇరవై ఒక లెక్క కాదు. ఆయన కోసం వెలిగే ఎనిమిది లైట్లు, తిరిగే రెండు ఫ్యాన్లు కూడా కలిపితే మాత్రం అంకె బరువెక్కింది.

"ఏడో గదిలో మనిషిని తీసేద్దామనుకుంటున్నాను," అంది క్యూరేటర్‌తో, భయంభయంగా.

"ఏడో గదిలో మనవాళ్ళెవరూ లేరే!"

"లేరండీ."

"మరి నన్నడగడమెందుకు?"

పిచ్చుకమీద బ్రహ్మాస్త్రమని ఆవిడకీ తెలుసు. అందుకే వేరే ఎవరితోనో చెప్పించకుండా తానే వెళ్ళింది.

"రేపట్నుంచి మీరు రానక్కర్లేదండీ."

తుడుస్తున్న చెయ్యి ఆగింది. "నావల్ల తప్పేమైనా జరిగిందా అమ్మా?"

"తప్పేం లేదు. మీకయ్యే ఖర్చు మ్యూజియం మొయ్యలేకపోతోంది. ఇలాగే సాగితే వీటన్నిటినీ గోడౌనులో పడేస్తారు."

ఆయన తలెత్తి వెలుగుతున్న లైట్ల వంక చూశారు. "నా ఒక్కడి కోసం ఇన్ని లైట్లెందుకని నాకూ అనిపిస్తూనే ఉంటుంది," అన్నారు. "ఇవి ఇక్కడే ఉంటాయంటే మానేస్తాను తల్లీ."

గుడ్డ మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు. అంతమందిని వదిలేసి నోరులేని మనిషి పొట్ట కొట్టానని ఆవిడకి తనమీద తనకే అసహ్యమేసింది.

అయినా లెక్క లెక్కే. ఏడో గదికి కరెంటు తీయించింది. వారం తిరిగేసరికి మొత్తం ఖర్చు ఆవిడ అనుకున్నంతకీ దిగింది. క్యూరేటర్ సంతోషం పట్టలేక టీ తెప్పించాడు. బావమరిది స్వయంగా తెచ్చిచ్చాడు, ఉద్యోగంలో చేరాక అతను చేసిన మొదటి పని అదే.

ఇక మిగిలింది భాగహారం. టికెట్ల గుమాస్తాని పిలిపించింది ఆవిడ.

"మన సందర్శకులు ఎంతమందో చెప్పవయ్యా, భాగించేస్తాను."

గుమాస్తా టికెట్ల పుస్తకం బల్లమీద పెట్టి తల గోక్కున్నాడు.

"ఎవరితో భాగిస్తారు మేడమ్, మూడేళ్ళుగా రోజూ టికెట్టు కొనుక్కుని లోపలికొచ్చింది మీరు రావద్దన్న ఆ ఏడో గది పెద్దాయన ఒక్కరే కదా!"