తాళం సారు పరీక్ష

"మళ్ళీ నొక్కావమ్మా," అన్నాడు తాళం సారు, కంప్యూటర్ తెరను ఆమె వైపు తిప్పుతూ.

రిపోర్టులు టైపు చేసే ఆమె తల దించుకుంది. తెరమీద ఉన్నది పొద్దున ఆమె తెరిచిన మెయిలే. 'తప్పిపోయిన మీ తమ్ముడి ఆచూకీ తెలిసింది. ఇక్కడ నొక్కండి.' నొక్కితే తమ్ముడు కనబడలేదు, 'మీరు మోసపోయారు' అని పెద్ద అక్షరాలు కనబడ్డాయి.

ఆ మెయిల్ పంపింది తాళం సారే. రక్తపరీక్షల ల్యాబులో కంప్యూటర్లకు కాపలా కాయడం ఆయన పని. రెండేళ్ళ కిందట ఎవరో ఇలాంటి మెయిలే నొక్కితే దొంగలు లోపలికి చొరబడి, రిపోర్టులన్నిటికీ తాళం వేసి, డబ్బిస్తేనే తీస్తామన్నారు. పదకొండు రోజులు రోగులు గుమ్మంలో పడిగాపులు పడ్డారు. అప్పటినుంచి ఆయన నెలకోసారి దొంగ మెయిల్ తయారుచేసి సిబ్బందికి వల వేస్తాడు. చాటుగా తిట్టుకోనివాళ్ళు లేరు, 'తాళం సారు' అన్న పేరు కూడా వాళ్ళు తగిలించిందే.

"మా తమ్ముడి సంగతి ఎందుకు వాడారు సార్?" అంది ఆమె.

"ఆచూకీ చెప్పమని ఊరంతా కాగితాలు అంటించి, కింద ఆఫీసు మెయిల్ వేసింది నువ్వే కదమ్మా. నేను చదివింది దొంగ చదవడా? వాడికి జాలుంటుందా?"

మాట కటువే గానీ అందులో అబద్ధం లేదు. వల వేసేవాడికి ముందు తెలియాల్సింది ఎదుటి మనిషి పుండు ఎక్కడుందోనే. మోసానికి గుర్తులు మూడని ఆయన విడమరిచి చెప్పాడు. తెలియని చిరునామా, తొందరపెట్టడం, లేని ప్రేమ ఒలకబోయడం. అవి కనబడితే ఇంకేం ఆలోచించకుండా ఎర్ర బటన్ నొక్కెయ్యమన్నాడు. నొక్కితే ఆ మెయిల్ ఎక్కడా మిగలకుండా చెరిగిపోతుంది, పంపినవాడు మళ్ళీ రాసినా లోపలికి రాదు. ఆమె ఇలా చిక్కడం ఇది రెండోసారి. మూడోసారి చిక్కితే ఇంటికి పంపిస్తానని మేనేజరు అన్న మాట కూడా చెప్పాడు.

భర్త మంచాన పడ్డాక ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతున్నది ఆమె జీతంతోనే. సాయంత్రం వెళ్తూ వెళ్తూ ఆఫీసు గోడమీది కాగితం చించి సంచిలో పెట్టుకుంది. తమ్ముడు అలిగి వెళ్ళిపోయి ఆరేళ్ళు. మొదట్లో ఏడ్చేది, తర్వాత వెతికేది. ఇప్పుడు లోపలంతా మొద్దుబారిపోయింది.

రెండు వారాల తర్వాత, నెల మారాక, ఆమే తాళం సారు గదికి వచ్చింది.

"ఈసారి చిక్కలేదు సార్. నిన్న మధ్యాహ్నం వచ్చింది, ఎర్ర బటన్ నొక్కేశాను."

ఆయన తలెత్తాడు. ఆమె పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పుకుపోయింది. చిరునామా ఎప్పుడూ చూడనిది. తమ్ముడినంటూ రాసినవాడు ఆరింటి బస్సుకు వెళ్ళిపోతున్నానని, ఆలోగా బస్టాండుకు వస్తే ఒక్కసారి చూసి పోతానని తొందరపెట్టాడు. తప్పంతా తనదేనని, ఆరేళ్ళూ తలుచుకోని రోజు లేదని ప్రేమ కూడా బాగానే ఒలకబోశాడు. మూడుకు మూడూ సరిపోయాయంది. ఆరున్నరకు మామూలుగా ఇల్లు చేరిందట, పడుకోగానే నిద్ర కూడా పట్టిందట.

"ఒక్కటే అర్థం కాలేదు సార్. 'రుసరుసక్కా' అని మొదలుపెట్టారు. నేను ఊరికే కసురుకుంటానని మా తమ్ముడు పెట్టిన పేరది. మా ఇద్దరికీ తప్ప ఎవరికీ తెలీదు. ఎక్కడ తవ్వి తీశారు?"

ఆయన తన కంప్యూటర్లో పంపిన మెయిళ్ళ జాబితా తెరిచాడు. ఆమె జవాబు కోసం ఆగలేదు.

"పోన్లెండి. నా ఉద్యోగానికి ఢోకా లేదు కదా?"

"లేదమ్మా," అన్నాడు.

ఆమె వెళ్ళి తన సీట్లో కూర్చుని, మిగిలిన రిపోర్టులు టైపు చేసుకోసాగింది.

ఆ నెల మెయిల్ తాళం సారు ఇంకా పంపనే లేదు.