ముప్పై దాటినవాళ్లూ రావచ్చు

సకల జనులకు తెలియజేయడమేమనగా, మా సేవా సంస్థవారి యువ క్లబ్బులో ఇకపై టీలో అల్లం దంచి వేయవలెను, ముప్పై దాటినవాళ్లనూ సభ్యులుగా ఉంచవలెను.

రెండోది నిజంగానే విదేశంలోని మా హెడ్డాఫీసు నుంచి వచ్చింది. కిందటి నెలే సురేష్‌కి ముప్పై నిండాయని శాలువా కప్పి పంపేశాం. హనుమాన్ జంక్షన్‌లో క్లబ్బు చలివేంద్రం నడిపింది వాడే. వాడు వెళ్లాక అది మూతబడింది.

వాణ్ని వెతుక్కుంటూ మామిడితోటకెళ్లాను. రసాలను గడ్డిలో సర్దుతున్నాడు.

"ఒరేయ్ ముసలోడా, రూలు మార్చేశారంట. మళ్లీ కుర్రాడివైపోయావు, వచ్చెయ్!"

"కుండలు కడిగించు బాబాయ్, రేపొస్తా," అని నవ్వాడు.

క్లబ్బులో అందరికీ అలాగే చెప్పాను. పాపం, కుండలు కడిగి పెట్టారు.

ఆ నవ్వూ ఆ మాటా నేను కల్పించినవి. వాడసలు తలే ఎత్తలేదు. పక్కన కూర్చుని నేనూ నాలుగు కాయలు సర్ది వచ్చేశాను.