భజనల పుస్తకం

రంగూన్‌లోని పబేడాన్ పేటలో బస్సు ఆపి ఎక్కిన సిపాయి, జయ గిటారు సంచిలోంచి పాత నోటుపుస్తకం లాగాడు.

"ఇదేం రాత? రహస్య కబుర్లా? అమ్మాయి దిగాలి" అని బర్మీస్‌లో గద్దించాడు.

పక్కనే ఉన్న జయ తండ్రి సూరి చటుక్కున లేచాడు. తొంభైల్లో తను ఇంగ్లండు గిటారు బేండ్ల పాటలు రేడియోలో వింటూ తెలుగు అక్షరాల్లో రాసుకున్న పుస్తకం అది.

"మా దేవుడి భజనలండి!" భయంలో అబద్ధం వచ్చేసింది.

"అయితే ఈ పేజీ పాడు, ఊ సూరి" అన్నాడు సిపాయి, అతని గుర్తింపు కార్డులో పేరు చూసి, ముందు బర్మావాళ్ళ 'గారు' తగిలించి.

"నానా, అది ఒయాసిస్ బేండు పాట! ఏటి సేస్తావు?" జయ గుసగుసలాడింది.

"తాళమెయ్యమ్మా."

సూరి కళ్ళు మూసుకుని భక్తిగా సాగదీశాడు. జయ తాళం వేసింది.

"ఆపు. ఈ వరస నాకు తెలుసు" అన్నాడు సిపాయి.

సూరి కళ్ళు తెరిచాడు.

"ఇది మా బర్మా పాట. మా అమ్మ వంట చేస్తూ పాడేది. మీ దేవుడికి కాపీ కొట్టేశారా?"

"తప్పయిపోయిందండి."

సిపాయి పుస్తకం మూసి, రెండు చేతులతో పట్టుకుని మర్యాదగా తిరిగిచ్చాడు.

బస్సు కదిలాక జయ ఊపిరి పీల్చుకుంది. "కాపీ కొట్టింది బర్మావోళ్ళే కదా నానా! ఒయాసిస్ పాటకి ఆళ్ళ మాటలెట్టీసినారు."

"ఊరుకోయే" అన్నాడు సూరి, పుస్తకం సంచిలో పెడుతూ. "అది ఆ బాబు వాళ్ళమ్మ పాట."